టెక్ సందేహాలు: పరకాలది ఏ జిల్లా?

ప్రశ్న: ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ఊళ్లు, బడులు, చెరువుల వివరాలను మా సంస్థ కొన్నేళ్లుగా ఒక డేటాబేస్‌లో భద్రపరుస్తోంది. జిల్లాలు మారినప్పుడల్లా పాత పేరు తీసేసి కొత్త పేరు పెడుతూ వచ్చాం. ఇప్పుడు మా 2018 నివేదికలోని జిల్లాల వారీ లెక్కలు డేటాబేస్‌తో కలవడం లేదు. వెర్షన్ల కోసం ప్రత్యేక సాఫ్ట్‌వేర్ ఏదైనా కొనాలా? – హనుమకొండ పాఠకురాలు

జవాబు: కొననక్కర్లేదండి. ఉన్న డేటాబేస్‌లోనే పట్టికల అమరిక మారిస్తే సరిపోతుంది.

పరకాలనే తీసుకోండి. 2016 అక్టోబరు 11 దాకా అది వరంగల్ జిల్లాలో ఉండేది; ఆ రోజు వరంగల్ రూరల్‌లోకి, 2021 ఆగస్టులో హనుమకొండ జిల్లాలోకి వెళ్లింది. చిక్కంతా ఆ 2021 మార్పులోనే ఉంది. అర్బన్ జిల్లా పేరు హనుమకొండగా, రూరల్ జిల్లా పేరు వరంగల్‌గా మారడంతో పాటు కొన్ని మండలాలు కూడా అటూ ఇటూ అయ్యాయి. అప్పుడు 'వరంగల్ రూరల్' అన్న చోటల్లా 'వరంగల్' అని ఒక్క దెబ్బతో మార్చేసి ఉంటే, పరకాల తనది కాని జిల్లాలో చేరిపోయి ఉంటుంది. పైగా 2015 కాగితంలోని వరంగల్ జిల్లా, 2022 కాగితంలోని వరంగల్ జిల్లా పేరుకే ఒకటి. మీ లెక్కలు తప్పింది ఇక్కడేనని నా అనుమానం.

కాబట్టి పేరును గుర్తింపుగా వాడకండి. ఒక్కో జిల్లాకు ఎన్నటికీ మారని సంఖ్య ఇచ్చి, పేరును ఆ సంఖ్యకు తగిలించిన వివరంగా మాత్రమే ఉంచండి. వికీపీడియాకు తోడుగా నడిచే ఉచిత డేటాబేస్ వికీడేటాలో ప్రతి అంశానికీ క్యూ అక్షరంతో మొదలయ్యే సంఖ్య ఉండేది ఇందుకే. ఏ ఊరు ఏ జిల్లాలో ఉందన్నది వేరే పట్టికలో రాసి, దానికి 'ఎప్పటినుంచి', 'ఎప్పటివరకు' అనే రెండు గళ్లు చేర్చండి. ముగింపు తేదీ ఆ వ్యవధిలోకి రాదని నియమం పెట్టుకుంటే, పాత వరుస ముగిసేదీ కొత్త వరుస మొదలయ్యేదీ 2016 అక్టోబరు 11నే అవుతుంది, మధ్యలో ఒక్క రోజు కూడా ఖాళీ పడదు.

ఇంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. లోకం మారడం వేరు, మన పొరపాటు బయటపడడం వేరు. పరకాల జిల్లా మారడం మొదటి రకం: పాత సమాచారం ఆనాటికి నిజమే కనుక దానికి ముగింపు తేదీ వేస్తే చాలు. ఏదో చెరువును మీవాళ్లు పక్క మండలం కింద ఎక్కించారని మూడేళ్ల తర్వాత తెలిస్తే అది రెండో రకం: ఆ సమాచారం ఏనాడూ నిజం కాదు కనుక దానికి ముగింపు తేదీ వేయడమంటే తప్పుకు ఆయుష్షు రాయడమే. ఈ రెండింటికీ వేర్వేరు నియమాలు కావాలని తర్కం వైపు నుంచి కట్సునో, మెండెల్జాన్ అనే పరిశోధకులు 1991లోనే చూపారు. వికీడేటాలో కూడా కాలం చెల్లిన సమాచారానికి ముగింపు తేదీ వేస్తారు. తప్పని తేలినదాన్ని మాత్రమే 'డెప్రికేటెడ్' శ్రేణిలోకి దించుతారు.

అందుకే రెండు జతల తేదీలు కావాలి. ఆ సంగతి వాస్తవంలో ఎప్పటినుంచి ఎప్పటివరకు నిజమో మొదటి జత చెబుతుంది. మన డేటాబేస్‌లో ఎప్పటినుంచి ఎప్పటివరకు ఉందో రెండోది చెబుతుంది. మొదటిది మీరే రాయాలి. రెండోదాన్ని డేటాబేస్‌లను అడిగే భాష అయిన ఎస్‌క్యూఎల్ 2011 నాటి ప్రమాణం డేటాబేస్‌కే అప్పగించింది, మరియాడీబీ అనే ఉచిత డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో 10.3 వెర్షన్ నుంచి ఈ సౌకర్యం ఉంది, పట్టికకు ఈ సౌకర్యాన్ని, అంటే సిస్టమ్ వెర్షనింగ్‌ను, పెడితే పాత వరుసలు వాటంతట అవే నిలిచి ఉంటాయి. ఇప్పటికే చెరిపేసినవి మాత్రం అలా తిరిగి రావు. జిల్లాల మార్పులను ప్రభుత్వ ఉత్తర్వులు చూసి మళ్లీ రాసుకోవచ్చు గానీ, 2018లో మీ పట్టికలో ఏముండేదో పాత బ్యాకప్‌లే చెప్పాలి. వాటిని ఎవరూ తుడిచేయకుండా చూడండి.

ప్రశ్న: మా ఆఫీసు సర్క్యులర్ల ఆధారంగా జవాబులిచ్చే చాట్‌బాట్ రద్దయిన సెలవు నిబంధనలను కూడా చెబుతోంది. పాత ఫైళ్లు తీసేయమంటారా? – బెంగళూరు పాఠకుడు

జవాబు: తీసేయకండి, 2019లో పెట్టిన సెలవు గురించి రేపు ఎవరైనా అడగవచ్చు. పాత, కొత్త సర్క్యులర్లలో వాక్యాలు దాదాపు ఒకేలా ఉంటాయి కనుక, పోలికను బట్టి వెతికే చాట్‌బాట్‌కు రెండూ దొరుకుతాయి. ప్రతి సర్క్యులర్‌కూ అమలు తేదీని, అది రద్దు చేసిన సర్క్యులర్ సంఖ్యను జతచేసి, వెతకడానికి ముందే తేదీని బట్టి వడపోయాలి. ఒక్క నిబంధనను మాత్రమే సవరించే సర్క్యులర్లు ఉంటాయి కనుక, ఈ వివరాలను ఫైలు మొత్తానికి కాకుండా ఒక్కో నిబంధనకూ విడివిడిగా రాయించండి.