వీలునామాలో వింత షరతు పెడితే కథ నిలబడుతుందా?

చెన్నైలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం మీద కథ రాస్తున్నారు, తాత వీలునామాలో వింత షరతు పెట్టాలి, అది చట్టానికి నిలుస్తుందా అని అడిగారు.

నిలిచేవీ ఉన్నాయి, నిలవనివీ ఉన్నాయి. భారత వారసత్వ చట్టం (1925) 126వ సెక్షన్ ప్రకారం అసాధ్యమైన షరతుతో ఆస్తి రాసిస్తే ఆ రాసివ్వడం చెల్లదు. గంటలో వంద మైళ్లు నడవాలనడం అక్కడ ఇచ్చిన ఉదాహరణ. మేనకోడలు భర్తను వదిలేస్తేనే డబ్బు అనే షరతూ 127 కింద చెల్లదు. షరతు పోతే మనవడికి లాభం అనుకోకండి, ఆస్తి రాసిచ్చిన ఆ మాటే రద్దవుతుంది. మంచి మలుపు కదా!

నాకు బాగా నచ్చేది 128. నలుగురి సమ్మతితో పెళ్లి చేసుకోవాలన్నది షరతు అనుకోండి. ఒకరు సమ్మతి రాసిచ్చారు, ఒకరు పెళ్లికి వచ్చారు, ఒకరు ముందే కానుక పంపారు, ఇంకొకరు విని అడ్డు చెప్పలేదు. చాలు, షరతు తీరినట్టే. మైలాపూర్ పెద్దత్త పెళ్లికి వచ్చి భోంచేయకుండా వెళ్లిపోతే అది సమ్మతేనా? అక్కడే మీ కథ ఉంది.

'అరుణాచలం' (1997) సినిమాలో 30 రోజుల్లో 30 కోట్లు ఖర్చు పెట్టాలన్న షరతులో గడువే టెన్షన్ పెంచుతుంది. ఇంటి కథకి మాత్రం మనుషుల మీద ఆధారపడే షరతే మేలు.

ఇంకొకటి, ఉమ్మడి ఆస్తిలో తాత తన వాటా వరకే రాయగలడు.