ఏజెన్సీ రోడ్లకు ఫోర్ వీల్ డ్రైవ్ కొంటున్నారా? ముందు బరువు లెక్క వేయండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: విశాఖలో ఉంటారు. జి.మాడుగుల అవతల మీ మామయ్య గారి కాఫీ, మిరియాల తోట ఇకమీదట మీరే చూసుకోవాలి. వారానికి ఒకటి రెండుసార్లు వెళ్ళాలి, నలుగురు మనుషులు, వచ్చేటప్పుడు నాలుగు బస్తాలు. చివరి పదకొండు కిలోమీటర్లు మట్టి, రాయి, మధ్యలో ఒక గెడ్డ (వాగు). మహీంద్రా థార్, మారుతీ జిమ్నీ, ఫోర్స్ గూర్ఖా, ఇసుజు వీ-క్రాస్ పికప్‌లలో ఏది ఎక్కువ కాలం మన్నుతుంది, కొన్నాక సస్పెన్షన్ మార్చి ఎత్తు పెంచాలా?

నేను పద్నాలుగేళ్ళుగా చింతపల్లి, జి.కె.వీధి, జి.మాడుగుల సంతల్లో పసుపు, మిరియాలు కొని నర్సీపట్నం తెస్తున్నాను. ముందు పాత డీజిల్ థార్ (సీఆర్‌డీఈ) వాడాను, ఇప్పుడు వీ-క్రాస్. మీరు చెప్పిన రోడ్డు లాంటి రోడ్డు మీదే నా రోజులన్నీ గడిచాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

బండి పేరు తర్వాత చూద్దాం, ముందు బరువు చూడండి. నలుగురు మనుషులు 280 కిలోలు అనుకోండి. నాలుగు బస్తాలు, ఒక్కోటి యాభై, 200. జాకీ, గునపం, తాడు, నీళ్ళు, తోటకు పట్టుకెళ్ళే సామాను కలిపి ఇంకో 30. మొత్తం 510 కిలోలు. ఇప్పుడు ఏ బండి అయినా దాని ఆర్సీలోనో, కంపెనీ ఇచ్చే పుస్తకంలోనో రెండు అంకెలు ఉంటాయి: ఖాళీ బరువు, లోడుతో ఉండదగ్గ మొత్తం బరువు. రెండో దాంట్లోంచి మొదటిది తీసేయండి. ఐదు డోర్ల జిమ్నీ ఖాళీ బరువు సుమారు 1,200 కిలోలు, లోడుతో 1,545. అంటే మోయగలిగింది 340 దగ్గర. మీ 510 దాని మీద ఎక్కిస్తే మొదటి ట్రిప్పు నుంచే ఓవర్‌లోడ్. జిమ్నీ చెడ్డ బండి అని కాదు. ముందు, వెనక రెండూ రిజిడ్ యాక్సిళ్ళు (రెండు చక్రాలనీ కలిపే ఒకే గట్టి ఇరుసు), లో గేరు (వేగం తక్కువ, లాగే బలం ఎక్కువ), తక్కువ బరువు. ఒక్కరో ఇద్దరో తిరగడానికి అంత చక్కగా కొండ ఎక్కే బండి ఆ ధరలో ఇంకోటి నాకు కనపడలేదు. మీ పనికి మాత్రం అది సరిపోదు.

ఓవర్‌లోడ్ అయితే ఏమవుతుందంటే, స్ప్రింగు ఎప్పుడూ సగం కంటే ఎక్కువ కుంగి ఉంటుంది. గుంట వచ్చినప్పుడు కుంగడానికి ఇంక చోటు ఉండదు. స్ప్రింగు పూర్తిగా కుంగితే అడ్డుపడే బంప్ స్టాప్ రబ్బరు తగిలి దెబ్బంతా నేరుగా చాసిస్‌కి పోతుంది. రోజుకి ఇలా వందసార్లు తగిలితే ఏ కంపెనీ బండి అయినా రెండేళ్ళలో కిర్రుమంటుంది.

ఇక కమాన్ కట్టలా (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు, అదే లీఫ్ స్ప్రింగ్), కాయిల్ స్ప్రింగులా అన్న మాట. కమాన్ కట్ట బరువు మోస్తుంది, యాక్సిల్ ముందుకూ వెనక్కూ జరగకుండా కూడా అదే పట్టుకుంటుంది. పట్టీల మధ్య రాపిడి ఉంటుంది కాబట్టి ఊగిసలాటను కొంత తనే ఆపుతుంది. ఒక పట్టీ విరిగినా మిగతా వాటి మీద నెమ్మదిగా ఊరు చేరవచ్చు, నర్సీపట్నంలోనో పాడేరులోనో కొత్త పట్టీ కొట్టించుకోవచ్చు. కాయిల్ స్ప్రింగు మెత్తగా పోతుంది, చక్రం పైకీ కిందకీ బాగా ఆడుతుంది. కానీ యాక్సిల్‌ని పట్టుకోవడానికి లింకు రాడ్లు, వాటి చివర రబ్బరు బుష్షులు కావాలి. రాళ్ళ రోడ్డులో ముందు పోయేవి ఆ బుష్షులే. ఆస్ట్రేలియా, ఆఫ్రికాలలో తిరిగే టొయోటా ల్యాండ్ క్రూజర్ 70 సిరీస్ 1984 నుంచి వస్తోంది. 1999లో ముందు వైపు కాయిల్ పెట్టారు గానీ, బరువు మోసే వెనక వైపు కమాన్ కట్టల్నే ఉంచారు. మన ఏజెన్సీలో ఒకప్పుడు జనాన్ని మోసిన కమాండర్ జీపులకు కూడా కమాన్ కట్టలే. లోడు ఉన్న చోట దానికే మొగ్గు.

అయితే కమాన్ కట్ట ఉంటే చాలు, ఏమీ చూడక్కర్లేదు అనుకోకండి. నేను అలా అనుకునే ఒక జనవరిలో ఇబ్బంది పడ్డాను. పసుపు సీజన్, లోడు ఎక్కువ. థార్ వెనక కుంగుతోందని ఒక వర్క్‌షాప్‌లో చెరో వైపు రెండు పట్టీలు అదనంగా వేయించాను. నెల తిరిగింది. జి.కె.వీధి లోపలి నుంచి ఆరు బస్తాలతో వస్తున్నాను, గెడ్డ దాటి గట్టు ఎక్కుతుంటే వెనక నుంచి టంగుమని శబ్దం. ఆ తర్వాత స్టీరింగు తిన్నగా పట్టుకున్నా బండి పక్కకి పోతోంది. దిగి చూస్తే కుడి వైపు టైరుకీ మడ్‌గార్డ్‌కీ మధ్య నాలుగు వేళ్ళు పడుతున్నాయి, ఎడమ వైపు చిటికెన వేలు కూడా దూరడం లేదు. ఆ వైపు యాక్సిల్ వెనక్కి జరిగిపోయింది. కింద దూరి టార్చి వేస్తే పట్టీలన్నిటినీ కలిపి పట్టుకునే సెంటర్ బోల్టు తెగి ఉంది. కట్టని యాక్సిల్‌కి బిగించే యూ-బోల్టుల నట్లు నా చేతి వేళ్ళతో తిరుగుతున్నాయి.

ఊరివాళ్ళు సాయం వచ్చారు. బస్తాలు దించి ఒక ఇంటి అరుగు మీద పెట్టాం. జాకీ వేసి, గునపంతో యాక్సిల్‌ని ముందుకు నెట్టి, స్పానర్‌కి ఇనప గొట్టం తగిలించి యూ-బోల్టులు బిగించాం. మళ్ళీ వెనక్కి జరగకుండా యాక్సిల్‌కి గొలుసు వేసి కట్ట ముందు చివర చాసిస్‌కి తగిలే హ్యాంగర్‌కి కట్టాం. అక్కడి నుంచి తారు రోడ్డు దాకా మొదటి గేరులోనే వచ్చాను. చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. బస్తాలు మర్నాడు ఆ ఇంటివాళ్ళే సర్వీసు జీపు ఎక్కించి పంపారు, ఒక్క కిలో తగ్గలేదు.

తప్పు ఎక్కడంటే, పట్టీలు అదనంగా వేసినప్పుడు కట్ట మందం పెరుగుతుంది. యూ-బోల్టులు కొత్తవి, పొడుగువి వేయాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక పట్టీలు సర్దుకుంటాయి, అప్పుడు మళ్ళీ బిగించాలి. నాకు పాతవే వేశారు, మళ్ళీ బిగించాలని చెప్పలేదు. యూ-బోల్టు వదులైతే బరువంతా ఆ సెంటర్ బోల్టు మీద పడుతుంది, అది తెగుతుంది. అప్పటి నుంచి నెలకోసారి యూ-బోల్టులు, కట్ట చివర్లని పట్టుకునే షాకిల్ పిన్నులు నేనే దగ్గరుండి చూసుకుంటాను. పావుగంట పని. మీరూ నేర్చుకోండి.

పట్టీలు పెంచడంలో ఇంకో చిక్కు ఉంది. లోడు ఉన్నప్పుడు బాగుంటుంది, ఖాళీగా ఉన్నప్పుడు వెనక ఎగిరెగిరి పడుతుంది. గట్టి స్ప్రింగు వెనక్కి తన్నే బలాన్ని పాత షాక్ అబ్జార్బర్ ఆపలేదు. కాబట్టి స్ప్రింగు మారిస్తే దానికి సరిపోయే షాకులు కూడా మార్చాలి. షాక్ అంటే లోపల నూనెని సన్నటి రంధ్రాల గుండా తోసే గొట్టం, అంతే. కంకర రోడ్డు మీద గంటసేపు ఆపకుండా కొడితే ఆ నూనె వేడెక్కుతుంది, నురగ పడుతుంది, షాకు పని చేయడం తగ్గుతుంది. గ్యాస్ నింపిన మోనోట్యూబ్ షాకులు వేడిని బాగా తట్టుకుంటాయి, అయితే బయటి గొట్టానికి రాయి తగిలి సొట్ట పడితే అది ఇక పనికిరాదు. మీ రోడ్డు పదకొండు కిలోమీటర్లే కాబట్టి కంపెనీ షాకులతోనే మొదలుపెట్టండి. అవి అరిగాక ఆలోచించవచ్చు.

లిఫ్ట్ కిట్ మాత్రం వద్దు. రెండంగుళాలు ఎత్తితే చూడటానికి బాగుంటుంది. కానీ స్టీరింగు కోణం మారుతుంది, ముందు చక్రాలని తిప్పే షాఫ్టుల కీళ్ళు (సీవీ జాయింట్లు) వంకరగా తిరిగి వాటి రబ్బరు తొడుగులు చిరుగుతాయి, బ్రేకు గొట్టాలు లాగినట్టు అవుతాయి, ఘాట్ మలుపుల్లో బండి ఒరుగుతుంది. వడ్డాది నుంచి పాడేరు ఘాట్ ఎక్కి దిగేవాళ్ళకి ఇది ఆషామాషీ విషయం కాదు. పైగా కంపెనీ ఇచ్చిన కొలతలు మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర టెన్షన్.

ఆ డబ్బు టైర్లకి పెట్టండి. మంచి ఆల్ టెరైన్ టైర్లు, పక్క గోడ మందంగా ఉన్నవి. మన దగ్గర కంకర పరిచి తారు వేయకుండా ఏళ్ళ తరబడి వదిలేసిన రోడ్లు చాలా ఉన్నాయి కదా, ఆ రాళ్ళ అంచులు కత్తుల్లా ఉంటాయి. టైరు కింద కంటే పక్కన ఎక్కువ కోస్తాయి, పక్కన కోస్తే పంచర్ వేయడం కుదరదు. రెండోది గాలి. తారు మీద 32 పీఎస్ఐ ఉంటే, తోట రోడ్డు మొదలయ్యే చోట 24కి తగ్గించండి. టైరు రాయిని తనలో కలుపుకుని పోతుంది, కుదుపులు సగానికి తగ్గినట్టు అనిపిస్తుంది, బురదలో పట్టు పెరుగుతుంది. అంతకంటే బాగా తగ్గిస్తే పక్క గోడ ఉబ్బి రాళ్ళకి దొరికిపోతుంది. పూర్తి లోడు ఉన్నప్పుడు వెనక టైర్లకి ఇంకో నాలుగు ఎక్కువ ఉంచండి. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే చిన్న కంప్రెసర్ ఒకటి కొనుక్కుని, తారు ఎక్కగానే మళ్ళీ నింపండి. ఏ ఖరీదైన సస్పెన్షన్ కన్నా ముందు నాకు తేడా చూపించింది ఇదే.

ఫోర్ వీల్ గురించి రెండు మాటలు. మీరు అడిగిన బండ్లన్నీ పార్ట్ టైమ్ ఫోర్ వీల్. ముందు, వెనక యాక్సిళ్ళ మధ్య డిఫరెన్షియల్ (రెండు వైపులనీ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) ఉండదు, అందుకే పొడి తారు మీద ఫోర్ వీల్ వేసి మలుపులు తిరిగితే గేర్లు బిగుసుకుని, బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ పాడవుతుంది. మట్టి మీదే వేయండి. లో గేరుని ఎక్కడానికి కాదు, దిగడానికి ఎక్కువ వాడండి. తడి ఎర్రమట్టి వాలులో బ్రేకు తొక్కితే చక్రాలు ఆగిపోయి బండి జారుతుంది. లో గేరులో మొదటిది వేసి కాలు తీసేస్తే ఇంజనే పట్టుకుని దింపుతుంది. ఇంకొకటి, ఒక చక్రం గాల్లోకి లేస్తే మామూలు డిఫరెన్షియల్ ఆ యాక్సిల్ బలమంతా ఆ గాల్లో చక్రానికే పోనిస్తుంది. ముందొకటి, వెనకొకటి అలా లేస్తే ఫోర్ వీల్ అని రాసి ఉన్నా బండి కదలకపోవచ్చు. అందుకే రెండు చక్రాలనీ కలిపి తిప్పే డిఫరెన్షియల్ లాక్ ఉందా అని అడగండి.

గెడ్డ దగ్గర దిగి నడిచి చూసి, మోకాలు దాటితే ఆగండి. ఘాట్ ఎక్కి వేడిగా ఉన్న డిఫరెన్షియల్ చల్లటి నీళ్ళలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోతుంది, గాలి ఆడే చిన్న గొట్టం (బ్రీదర్) మూసుకుపోయి ఉంటే సీళ్ళ సందుల్లోంచి నీళ్ళు లాక్కుంటుంది. వర్షాకాలం అయ్యాక గేర్ ఆయిల్ కొంచెం తీసి చూడండి. పాల టీ రంగులో ఉంటే వెంటనే మార్చాలి.

ఇప్పుడు బండ్లు. మూడు డోర్ల థార్‌లో నలుగురు కూర్చుంటే బస్తాలకి చోటు లేదు. ఐదు డోర్ల థార్ రాక్స్ డీజిల్ ఫోర్ వీల్ అయితే చోటు ఉంది, మెకానిక్ ఏ టౌన్‌లోనైనా దొరుకుతాడు, కానీ బురద బస్తాలు ఇంటీరియర్‌లోనే పెట్టాలి. 2024లో వచ్చిన ఐదు డోర్ల గూర్ఖాకి ముందు, వెనక రెండు డిఫరెన్షియల్ లాకులూ కంపెనీ నుంచే వస్తాయి, నేల నుంచి 233 మిల్లీమీటర్ల క్లియరెన్స్, 2.6 లీటర్ల డీజిల్. దారి బాగా ఇరుకైతే, రాళ్ళు పెద్దవైతే నా ఓటు దానికే. సర్వీసు ఎక్కడ చేయించుకుంటారో ముందే కనుక్కోండి.

వీ-క్రాస్ మన శ్రీసిటీలోనే తయారవుతుంది. వెనక కమాన్ కట్టలు, లోడుకి వేరే తొట్టి, నలుగురికి సరైన సీట్లు. మీ 510 కిలోల లెక్కకి నేనైతే ఇదే తీసుకుంటాను. ఖాళీగా వెళ్ళేటప్పుడు వెనక కాస్త ఎగురుతుంది, తొట్టిలో రెండు ఇసుక బస్తాలు వేసుకుంటే సర్దుకుంటుంది. అసలు ఇబ్బంది పొడవు. ఐదు మీటర్లు దాటుతుంది, హెయిర్‌పిన్ మలుపుల్లో ఒక్కోసారి వెనక్కి తీసుకుని తిప్పాలి.

అందుకే ఈసారి తోటకి వెళ్ళినప్పుడు టేపు పట్టుకెళ్ళండి. అన్నిటికంటే ఇరుకైన మలుపు దగ్గర రోడ్డు వెడల్పు ఎంతో, గెడ్డలో ఆగస్టు నెలలో నీళ్ళు ఏ రాయి దాకా వస్తాయో మీ మామయ్య గారిని అడిగి కొలిచి ఇక్కడ రాయండి. వీ-క్రాసా, గూర్ఖానా అన్నది ఆ రెండు కొలతలు చూసి చెబుతాను.