విచారణ ఖైదీల లెక్కలు, శిక్షల లెక్కలు ఎక్కడ దొరుకుతాయి?

జైళ్లలో విచారణ ఖైదీలు ఎంతమంది ఉన్నారు, ఎన్ని కేసుల్లో శిక్ష పడుతోంది, ఈ ప్రభుత్వ లెక్కలు ఎక్కడ చూడాలి అని అడిగారు. ఎల్‌ఎల్‌ఎంలో నా డిసర్టేషన్ విచారణ ఖైదీల మీదే. దాదాపు ఏడాది ఈ పట్టికలతోనే గడిపాను.

రెండిటికీ ముందు ఎన్‌సీఆర్‌బీ (నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో) సైట్ చూడండి. కేంద్ర హోం శాఖ కింద 1986లో ఏర్పడిన సంస్థ ఇది. నేరాలకు ‘క్రైమ్ ఇన్ ఇండియా’, జైళ్లకు ‘ప్రిజన్ స్టాటిస్టిక్స్ ఇండియా’ అనే వార్షిక నివేదికలు ఉచితంగా దొరుకుతాయి.

శిక్షల శాతం దగ్గర మాత్రం నేను పెద్ద పొరపాటు చేశాను. ఒక ఏడాదిలో నమోదైన కేసులతో అదే ఏడాది శిక్ష పడిన కేసులను భాగించి, వచ్చిన అంకె మీద ఒక అధ్యాయమంతా రాశాను. మా గైడ్ అది చదివి, “ఈ ఏడాది పెట్టిన కేసు ఈ ఏడాదే తేలుతుందా అమ్మా?” అని అడిగారు. ఎన్‌సీఆర్‌బీ చెప్పే శిక్షల శాతం, ఆ ఏడాది కోర్టులో విచారణ పూర్తయిన కేసుల్లోంచి తీసేది. వాటిలో ఎప్పుడో పెట్టిన పాత కేసులు కూడా ఉంటాయి. ఆ అధ్యాయం మొత్తం మళ్లీ రాయాల్సి వచ్చింది. అందుకే అంకె కన్నా ముందు పట్టిక కింది వివరణ చదవమని గట్టిగా చెబుతాను. ఉదాహరణకు, ఒకే ఎఫ్‌ఐఆర్‌లో హత్య, దొంగతనం రెండూ ఉంటే అది హత్య కింద మాత్రమే లెక్కకు వస్తుంది. దొంగతనాల పట్టికలో ఆ కేసు కనిపించదు.

జైళ్ల లెక్క డిసెంబరు 31 నాటిది. 2022 చివరి రోజున 5,73,220 మంది ఖైదీల్లో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే నలుగురిలో ముగ్గురు నేరం రుజువు కాకుండానే లోపల ఉన్నారు. మొదటిసారి చూసినప్పుడు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎవరు ఎంతకాలంగా ఉన్నారో చెప్పే పట్టిక కూడా అందులోనే ఉంటుంది, దాన్ని వదలకండి. ఏడాది మధ్యలో వచ్చి బెయిల్ మీద వెళ్లిపోయినవాళ్లు మాత్రం ఈ లెక్కలో లేరు.

కోర్టుల్లో పెండింగ్ కేసులకు నేషనల్ జ్యుడీషియల్ డేటా గ్రిడ్ అనే సైట్ ఉంది. జిల్లాల వారీగా, ఎన్నేళ్ల నాటి కేసులు ఎన్ని ఉన్నాయో చూపిస్తుంది.

2024 జులై 1 నుంచి ఐపీసీ (భారత శిక్షాస్మృతి) స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు పాత సెక్షన్ 302 అయితే ఇప్పుడు 103. పాత పట్టికలతో పోల్చేటప్పుడు సెక్షన్ నంబరు కాకుండా నేరం పేరు పట్టుకుని వెతకండి.

వీటిలో దొరకనిదానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. నేను మొదట “విచారణ ఖైదీలు ఎందుకు ఇంతమంది ఉన్నారు” అని అడిగితే, కారణాలు చెప్పలేమని తిప్పి పంపారు. రెండోసారి, ఫలానా నెల చివర ఎంతమంది ఉన్నారో రికార్డులో ఉన్నది ఇవ్వమని నెలల పేర్లతో సహా రాశాను. అప్పుడు లెక్కలు వచ్చాయి.