షోరూమ్ సర్వీసు బిల్లు రెట్టింపైంది... కారు అమ్మేయాలా?

ప్రశ్న: తిరుపతిలో ఒక ప్రైవేటు కాలేజీలో పని చేస్తున్నాను. చేతికి వచ్చే జీతం 46,000. మూడేళ్ల కిందట లోన్ మీద ఆటోమేటిక్ గేర్ల పెట్రోలు కారు తీసుకున్నాను. నెలకు 9,800 కిస్తీ, ఇంకా 22 నెలలు కట్టాలి. 30,000 కిలోమీటర్ల సర్వీసుకి షోరూమ్‌లో ఇస్తే ముందు 6,500 అవుతుందన్నారు, చివరికి 15,200 బిల్లు వేశారు. సాయంత్రానికి ఇస్తామన్న బండి మర్నాడు రాత్రికి ఇచ్చారు. గట్టిగా అడిగితే, బండి ఇచ్చేటప్పుడు చేయాల్సిన పనులు రాసే కాగితం చూపించి ‘జాబ్ కార్డు మీద సంతకం పెట్టారు కదా మేడమ్’ అన్నారు. వచ్చే నెలతో వారంటీ అయిపోతుంది కాబట్టి 11,500 కట్టి రెండేళ్లు పొడిగించుకోమని, 27,000 కట్టి మూడేళ్ల సర్వీసు ప్యాకేజీ తీసుకోమని, ఇన్సూరెన్స్ కూడా వాళ్ల దగ్గరే చేయించమని రోజూ ఫోన్లు. తమ్ముడేమో ఇకనైనా బయట మెకానిక్‌కి చూపించమంటున్నాడు. నాన్నగారు అమ్మేయమంటున్నారు. వారానికోసారి చిత్తూరులో ఉన్న అమ్మానాన్నల దగ్గరికి వెళ్తాను, నెలకోసారి వాళ్లను తిరుమల తీసుకెళ్తాను. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: కారు అమ్మకండి. వారంటీ పొడిగింపు తీసుకోండి, సర్వీసు ప్యాకేజీ వద్దనండి. ఇన్సూరెన్స్ నాలుగు చోట్ల అడిగి మీరే చేయించుకోండి. ఇంకో రెండేళ్లు ఆ కంపెనీ సర్వీసు సెంటర్లలోనే చేయించండి. కోపంగా ఉన్నప్పుడు ఈ చివరి మాట మింగుడు పడదని తెలుసు. అందుకే ముందు బిల్లు సంగతి చూద్దాం.

మీరు పంపిన బిల్లులో ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ కలిపి 2,950. ఎయిర్ ఫిల్టర్ 450. బ్రేక్ ఫ్లూయిడ్ 750. సర్వీసు లేబర్ 2,350. ఇవన్నీ కలిపితే 6,500. అంటే ముందు చెప్పిన అంచనా అబద్ధం కాదు, మీ బండికి నిజంగా కావలసిన పని దాదాపు అంతే. వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్‌కి వేసిన 1,100 కూడా న్యాయమే. 30,000 తిరిగిన టైర్లకు అది చేయించకపోతే ఒక పక్క అరిగి, టైర్లు ముందే మార్చాల్సి వస్తుంది. మిగిలిన 7,600 చూడండి: ఇంజిన్ లోపల కడిగే ఫ్లష్ 900, ఇంజిన్‌లోకి గాలి వెళ్లే థ్రాటిల్ బాడీ క్లీనింగ్ 850, ఏసీ డిస్‌ఇన్ఫెక్షన్ 1,450, ఇంటీరియర్ క్లీనింగ్ 1,600, కింద భాగానికి తుప్పు పట్టకుండా కోటింగ్ 2,800. బిల్లులో సరిగ్గా సగం.

కారుతో పాటు ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్ తీసి మెయింటెనెన్స్ షెడ్యూల్ పట్టిక ఉన్న పేజీ తెరవండి. ఎన్ని కిలోమీటర్లకు, ఎన్ని నెలలకు ఏది మార్చాలో, ఏది చూడాలో అందులో ఉంటుంది. వారంటీ నిలబడటానికి ఆ పట్టిక ప్రకారం సర్వీసు చేయిస్తే చాలు. ఫ్లష్, కోటింగ్ లాంటివి ఆ పట్టికలో ఉండవు, వాటిని వద్దన్నంత మాత్రాన వారంటీ పోదు. థ్రాటిల్ క్లీనింగ్ అనేది బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ వణుకుతుంటే ఆలోచించాల్సిన పని. తుప్పు కోటింగ్ సముద్రం ఒడ్డున ఉండేవాళ్లకు పనికొస్తుందేమో కానీ, తిరుపతి చిత్తూరు మధ్య తిరిగే మూడేళ్ల కారుకు తొందరేమీ లేదు.

షోరూమ్‌లకు కొత్త కారు అమ్మితే మిగిలేది తక్కువ, వర్క్‌షాప్‌లో మార్జిన్ ఎక్కువ. సర్వీసు అడ్వైజర్లకు ఈ అదనపు పనుల మీద టార్గెట్లు ఉంటాయి. ఆ కుర్రాడు మీకు శత్రువేమీ కాదు, వాడి జీతం అలా ముడిపడి ఉంది. అయినా మీ డబ్బును కాపాడుకోవాల్సింది మీరే. అది జాబ్ కార్డు దగ్గరే జరగాలి, బిల్లు కౌంటర్ దగ్గరికొచ్చాక ఆలస్యమైపోతుంది.

ఈసారి బండి ఇచ్చేటప్పుడు షెడ్యూల్ పేజీ ఫోన్లో ఫొటో తీసి పట్టుకెళ్లండి. ‘ఈ పేజీలో ఉన్నవి చేయండి, ఇంకేమీ వద్దు’ అనండి. జాబ్ కార్డు పూర్తిగా చదవండి. అక్కర్లేనివి కొట్టేయించి, అంచనా మొత్తం అంకెల్లో రాయించి, దాని కింద మీ చేత్తోనే ‘ఇంతకన్నా ఎక్కువైతే ముందు నాకు వాట్సాప్‌లో చెప్పి, నేను ఒప్పుకున్నాకే చేయాలి’ అని రాసి సంతకం పెట్టండి. ట్యాబ్‌లో సంతకం పెట్టమంటే ఆ కాపీ వచ్చేదాకా తాళం ఇవ్వకండి. మార్చిన పాత ఫిల్టర్లు, ప్యాడ్లు తిరిగి ఇవ్వమని ముందే చెప్పండి. బిల్లులో ఆయిల్ ఎన్ని లీటర్లు వేశారో చూసి మాన్యువల్‌లో ఉన్న లెక్కతో పోల్చండి. ఇంకొకటి, 2025 సెప్టెంబరు 22 నుంచి కారు విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు చాలా భాగాలకు 28 ఉండేది. బిల్లులో ఎక్కడైనా పాత రేటు కనిపిస్తే అక్కడే ఆపి అడగండి.

ఆలస్యం సంగతికి వస్తే, శనివారాలు, సంక్రాంతి ముందు వారం, బ్రహ్మోత్సవాల రోజులు వదిలేసి, వారం మధ్యలో పొద్దున మొదటి స్లాట్ బుక్ చేసుకోండి. పండగ ప్రయాణాల ముందు ఊళ్లో సగం బండ్లు వర్క్‌షాప్‌లోనే ఉంటాయి.

ఇప్పటికే కట్టిన 7,600 తిరిగి వస్తుందా? అది మీ దగ్గరున్న జాబ్ కార్డు కాపీని బట్టి ఉంటుంది. మీరు సంతకం పెట్టినప్పుడే ఆ అదనపు పనులు అందులో ఉంటే, నిజం చెప్పాలంటే ఆశ పెట్టుకోకండి. అంచనా 6,500 అని ఉండి, తర్వాత మీకు ఫోన్ కూడా చేయకుండా కలిపి ఉంటే మాత్రం వదలొద్దు. ముందు సర్వీసు మేనేజర్‌కు ఈమెయిల్ పెట్టండి. జాబ్ కార్డు, బిల్లు జత చేసి, ఏ పనికి ఒప్పుకోలేదో, ఎంత తిరిగి ఇవ్వాలో నాలుగు వాక్యాల్లో రాస్తే చాలు. వారం చూసి, జవాబు రాకపోతే కార్ల కంపెనీ కస్టమర్ కేర్‌కు పంపండి. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. చాలా గొడవలు ఇక్కడికే తెగిపోతాయి. అప్పటికీ తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మీరు ఉంటున్న చోటే ఫిర్యాదు వేయొచ్చు. సేవ విలువ 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, జరిగిన రోజు నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది.

ఇక తమ్ముడి సలహా. బయటి మెకానిక్ మీద నాకు చిన్నచూపు లేదు. వారంటీ దాటిన మామూలు పెట్రోలు కారుకు నమ్మకమైన షెడ్డే మంచిదని చాలామందికి చెబుతుంటాను. చట్టం వైపు నుంచి చూసినా, 2014 ఆగస్టులో మార్కెట్లో పోటీ సరిగ్గా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్లకు పైగా జరిమానా వేస్తూ, బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయకూడదని చెప్పింది. కానీ కంపెనీలు దాని మీద అప్పీళ్లకు, కోర్టులకు వెళ్లాయి. రేపు మీ గేర్‌బాక్స్ చెడిపోయి క్లెయిమ్‌కు వెళ్తే, ఆ తీర్పు కాగితం పట్టుకుని ఒక్కరే వాదించుకోవాల్సిన పరిస్థితి మీకు రాకూడదు.

మీది ఆటోమేటిక్ కాబట్టే పొడిగింపు తీసుకోమంటున్నాను. మామూలు గేర్ల చిన్న కారైతే, ఏడాదికి 10,000 కిలోమీటర్లే తిరిగితే, ఆ 11,500 మిగుల్చుకోమనేవాణ్ని. ఆటోమేటిక్ గేర్ల వ్యవస్థలో ఒక్క పెద్ద భాగం పోయినా ఖర్చు పదుల వేలల్లోకి వెళ్తుంది, లోన్ నడుస్తున్న మీలాంటివాళ్లు అది ఒకేసారి తట్టుకోలేరు. కట్టే ముందు రెండు విషయాలు కాగితం మీద చూడండి. పొడిగింపు ఇస్తున్నది కార్ల కంపెనీయా, షోరూమ్ సొంతంగా అమ్ముతున్నదా? కంపెనీదైతేనే తీసుకోండి. గేర్ మార్చే యంత్రాంగం, దాని కంట్రోల్ యూనిట్ పేర్లతో సహా జాబితాలో ఉన్నాయా? లేకపోతే ఆ 11,500కి అర్థం లేదు. మామూలు వారంటీ గడువు ముగిసేలోపే తీసుకోండి. షెడ్యూల్ సర్వీసులు సమయానికి అధీకృత సెంటర్లో చేయించాలన్న షరతు అందులో ఉంటుంది, అందుకే పైన రెండేళ్లు అక్కడే అన్నాను. ఆ షోరూమే కానక్కర్లేదు. అదే కంపెనీకి చెందిన ఇంకో సెంటర్ తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ఉంటే అక్కడికి మారండి, వారంటీ చెల్లుతుంది.

27,000 ప్యాకేజీ ఎందుకు వద్దంటున్నానంటే, మీకు మూడేళ్లలో వచ్చేవి మూడు సర్వీసులు. షెడ్యూల్ ప్రకారం చేయిస్తే ఒక్కోదానికి 6,500 నుంచి 7,500 అవుతుంది, 40,000 సర్వీసులో స్పార్క్ ప్లగ్గులు మార్చాల్సి వస్తే కాస్త పెరుగుతుంది. మొత్తం 22,000 దగ్గర తేలే పనికి 27,000 ముందే కట్టమంటున్నారు. బ్రేక్ ప్యాడ్లు, వైపర్లు, బ్యాటరీ లాంటి అరిగిపోయేవి ఇలాంటి ప్యాకేజీల్లో చాలావరకు ఉండవు. పైగా మీకు నచ్చని చోటికి మూడేళ్లు మీ డబ్బు కోసం వెళ్లాల్సి వస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం పైసలు చూడొద్దు: బ్రేకులు. నెలకోసారి అమ్మానాన్నలను కూర్చోబెట్టుకుని ఘాట్ రోడ్డు దిగుతున్నారు. బ్రేక్ ఫ్లూయిడ్ కాలక్రమంలో గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఫ్లూయిడ్ వేడికి త్వరగా మరుగుతుంది, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. అందుకే అది రెండేళ్లకోసారి మార్చడం మామూలు పద్ధతి, ఈ బిల్లులో ఆ 750 మంచి ఖర్చు. ప్రతి సర్వీసులో ప్యాడ్ల మందం ఎన్ని మిల్లీమీటర్లు మిగిలిందో జాబ్ కార్డులో రాయించండి. ప్యాడ్లు మార్చాలి అంటే ఆ అంకె చూపించమనండి, నిజంగా పలచబడితే బేరమాడకుండా మార్పించండి. దిగేటప్పుడు, గేరు మనమే ఎంచుకునే మాన్యువల్ మోడ్‌లో తక్కువ గేరులో ఉంచితే బ్రేకుల మీద భారం చాలా తగ్గుతుంది. న్యూట్రల్‌లో మాత్రం ఎప్పుడూ దిగకండి.

నాన్నగారి మాటలో కోపం కన్నా బెంగ ఎక్కువ కనిపిస్తోంది, అందులో న్యాయం ఉంది. మూడేళ్ల కారు అమ్మితే లోన్ తీర్చగా చేతిలో పెద్దగా మిగలదు, మళ్లీ కొనాలంటే లైఫ్ ట్యాక్సు, ఇన్సూరెన్సు కొత్తగా కట్టాలి. కాబట్టి అమ్మకం దండగ. కానీ ఒక్క సర్వీసు బిల్లు మిమ్మల్ని ఇంత కుదిపిందంటే, దాని వెనుక ఉన్న లెక్క చూడాలి. కిస్తీ 9,800. నెలకు 850 కిలోమీటర్ల లెక్కన పెట్రోలు దాదాపు 6,000. సర్వీసుకి ఏడాదికి 7,500, టైర్లు నాలుగున్నరేళ్లకోసారి మారుస్తారనుకుంటే ఏడాదికి 5,000, బ్యాటరీకి 1,500, బ్రేకులు, వైపర్లు, పంక్చర్లు వగైరాకి 4,000. ఇవి 18,000. ఇన్సూరెన్స్ 12,000 కలిపితే ఏడాదికి 30,000, అంటే నెలకు 2,500. మొత్తం కలిపితే కారు నెలకు 18,300 తింటోంది, మీ జీతంలో 40 శాతం. ఇన్నాళ్లూ మీ బడ్జెట్‌లో కిస్తీ, పెట్రోలే ఉన్నాయి. ఆ 2,500 ఎక్కడా లేదు, అందుకే బిల్లు వచ్చిన ప్రతిసారీ టెన్షన్.

జీతం పడిన మర్నాడే 2,500 వేరే సేవింగ్స్ ఖాతాలోకి దానంతట అదే వెళ్లేలా బ్యాంకులో పెట్టించండి. ఆ ఖాతాకు డెబిట్ కార్డు ఇంట్లోనే ఉంచండి. ఏడాదిలోపు వాడుకునే డబ్బు ఇది, మ్యూచువల్ ఫండ్ సిప్‌లో పెట్టకండి. ఎక్కడి నుంచి తేవాలి అంటారా? చిత్తూరుకు నెలలో నాలుగు సార్లు వెళ్తున్నారు, అందులో రెండుసార్లు బస్సులో వెళ్లండి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు. ఒక్కరే వెళ్లే రోజుల్లో 140 కిలోమీటర్ల రానుపోను మానుకుంటే, రెండు ట్రిప్పులకు పెట్రోల్లోనే 1,600 దాకా మిగులుతుంది. ఇంకో 900 సర్దుకుంటే చాలు. 22 నెలల తర్వాత కిస్తీ అయిపోగానే అందులో 5,000 పొదుపులోకి మళ్లించండి. దాని గురించి అప్పుడు మళ్లీ రాయండి.

చివరగా అన్నిటికన్నా తొందరగా చూడాల్సింది ఇన్సూరెన్స్. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కొన్నప్పుడే కట్టించుకుంటున్నారు. మీది ఇప్పుడు ముగుస్తోంది. అందుకే ఈసారి ప్రీమియం పోయినేటి కన్నా పెరుగుతుంది, అది మోసం కాదు. మీ కారు ఇంజిన్ 1000 నుంచి 1500 సీసీ మధ్యలో ఉంది కాబట్టి, 2022 జూన్‌లో నిర్ణయించిన రేటు ప్రకారం థర్డ్ పార్టీకే 3,416, జీఎస్టీతో నాలుగు వేలు. ఈ భాగం ఏ కంపెనీలోనైనా ఒకటే, తేడా అంతా మీ కారుకు జరిగే నష్టానికి కట్టే సొంత డ్యామేజీ భాగంలో ఉంటుంది. మూడేళ్లుగా క్లెయిమ్ చేయకపోతే ఆ భాగంలో 35 శాతం నో క్లెయిమ్ బోనస్ మీ హక్కు, కంపెనీ మారినా మీతోనే వస్తుంది. షోరూమ్ కొటేషన్‌లో అది వేశారో లేదో చూడండి. జీరో డిప్రిసియేషన్ తీసుకోండి. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగం ధర మీరే భరించాలి. ఒకే ఐడీవీ (పాలసీలో మీ కారుకు కట్టే విలువ), ఒకే యాడాన్‌లతో (జీరో డిప్రిసియేషన్ లాంటి అదనపు రక్షణలు) మూడు కంపెనీల కొటేషన్లు తెప్పించి, వాటి పక్కన షోరూమ్‌ది పెట్టండి. వాళ్లదే తక్కువైతే అక్కడే చేయించండి, తప్పులేదు. పాత పాలసీ గడువు తేదీ మాత్రం దాటనివ్వకండి. ఒక్క రోజు దాటినా ఇన్సూరెన్స్ లేకుండా రోడ్డు మీద ఉన్నట్టే, 90 రోజులు దాటితే ఆ బోనస్ కూడా పోతుంది.