లీడా, లెడ్డా?

చి. అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. బ్యాటరీల కొట్టు, ఆ యాసిడ్ వాసన, మేస్త్రి చొక్కాకి పడ్డ చిల్లులు బాగా పట్టుకున్నావు. మూడో పేజీలో మాత్రం అతని నోట 'లీడ్ ప్లేట్లు' అనిపించావు చూడు, అక్కడ పంటికింద రాయి తగిలింది. ఇరవై ఏళ్లుగా ఆ ప్లేట్లతోనే బతుకుతున్నవాడు లెడ్ అంటాడు, లేదా సీసం అంటాడు. ఆ మాట నువ్వు చదివి రాశావు, విని రాయలేదు.

నిన్ను తిట్టే అర్హత నాకు లేదులే. పత్రికలో చేరిన కొత్తలో, నైట్ డ్యూటీలో ఉండగా, పిల్లల బొమ్మలకి వేసే రంగుల్లో సీసం ఉందని ఏజెన్సీ వార్త వచ్చింది. నిద్రమత్తులో ఆ లెడ్‌ని లీడ్ అనుకుని 'బొమ్మల రంగుల్లో ముందంజ' అని హెడ్డింగ్ పెట్టేశాను. పొద్దున పేపర్లో అలాగే వచ్చింది. మా న్యూస్ ఎడిటర్ పల్లెత్తు మాట అనలేదు. ఆ ముక్క కత్తిరించి నా టేబుల్ అద్దం కింద పెట్టి వెళ్లిపోయాడు. ఆర్నెల్లపాటు దానిమీదే టీ గ్లాసు పెట్టుకున్నాను.

ఇంగ్లీషువాడికి ఈ బాధ లేదు. ఎల్, ఇ, ఎ, డి అని నాలుగక్షరాలు రాసి పారేస్తాడు, ఎలా పలకాలన్నది చదివేవాడి ఖర్మ. మనకలా కుదరదు. 'ల'కి గుడిదీర్ఘమా, ఎత్వమా అన్నది తేలాకే కలం కదలాలి. అర్థం తెలియకపోతే స్పెల్లింగ్ కూడా రాయలేం. మన లిపి పెట్టే ఈ పరీక్ష నాకైతే ఇష్టం.

గుడిదీర్ఘం పెడితే క్రికెట్లో 40 పరుగుల లీడ్, సినిమాలో లీడ్ రోల్, పోలీసులకి దొరికే లీడ్. తెలుగులో చెప్పాలంటే మూడింటికీ మూడు మాటలు కావాలి. ఎత్వం పెడితే లోహం. 2000లో దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చేసింది. అప్పట్లో బంకుల్లో 'అన్‌లెడెడ్' బోర్డుని 'అన్‌లీడెడ్' అని చదివి, నాయకుడు లేని పెట్రోలా అని నవ్వుకునేవాళ్లం.

పాత ప్రెస్సుల్లో ఈ రెండూ ఒకే బల్ల మీద ఉండేవి. పేజీకి పైన పెట్టే వార్త లీడ్. దాన్ని కంపోజ్ చేసే టైపు, అంటే అచ్చు అక్షరాలు, సీసం, తగరం, ఆంటిమొనీ అనే లోహం కలిపి పోసినవి. వరసకీ వరసకీ మధ్య ఎడం కోసం సన్నటి సీసపు పట్టీ దూర్చేవాళ్లు, అందుకే ఆ ఎడాన్ని లెడింగ్ అన్నారు. కంప్యూటర్లో సీసం లేకపోయినా మాట మిగిలింది. మా డీటీపీ కుర్రాడు దాన్ని లీడింగ్ అనేవాడు. ఎలా పిలిచినా, పై వరస వత్తులు కింది వరస గుడుల్ని గుద్దుకోకుండా సరిగ్గా ఇచ్చేవాడు కాబట్టి నేను దిద్దలేదు.

పెన్సిల్ లెడ్‌ది మాత్రం దొంగ పేరు. అందులో ఉండేది గ్రాఫైట్. 16వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని బారోడేల్‌లో దొరికిన ఆ నల్లరాయిని సీసంలోనే ఒక రకం అనుకున్నారు. అది కార్బన్ అని 1779లో రసాయన శాస్త్రవేత్త షీలే తేల్చేసరికి పేరు అతుక్కుపోయింది. నీ కథలో పిల్లాడు ఏడ్చేది మొన విరిగినందుకు. మొన అనే రాయి.

మన సీసం మాత్రం తక్కువ తిన్నదా! లోహమూ అదే, పద్యమూ అదే. బహువచనం చేస్తే మందు కూడా చేరుతుంది. శ్రీనాథుడి సీసాలు అని ఎవరైనా అంటే ఏ సీసాలో అడిగి తెలుసుకో.

మేస్త్రి మాట దిద్ది పంపు. దిద్దేముందు మీ వీధి చివరి బ్యాటరీ కొట్టుకి వెళ్లి, పాత బ్యాటరీ కిలో ఎంతకి తీసుకుంటారని అడుగు. ధర రాసుకోకపోయినా పర్లేదు, అతను దేనికి ఏ మాట వాడాడో రాసుకో.

ఉంటాను,
మాస్టారు