జిగురు అట్ట వద్దు, బకెట్టూ వద్దు: ఇంట్లో ఎలుకల్ని ఎక్కువ బాధ పెట్టకుండా చంపడం గురించి

ప్రశ్న: సార్ నమస్తే. మాది పశ్చిమ గోదావరి జిల్లా, పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాలుగెకరాల వరి, రెండు గేదెలు, పది పన్నెండు కోళ్లు, ఒక పిల్లి. సార్వా కోతలయ్యాక ఇంట్లోకి, గేదెల పాకలోకి ఎలుకలు తెగ వచ్చేశాయి. ధాన్యం బస్తాలు కొట్టేస్తున్నాయి, మోటారు వైరు కూడా కొరికేశాయి. మా ఆవిడ బజారు నుంచి జిగురు అట్ట తెచ్చి పెడితే ఒకటి అతుక్కుని రాత్రంతా కీచుమంటానే ఉంది, పిల్లలకి నిద్ర లేదు, పొద్దున్నే దాన్ని అట్టతో సహా బకెట్లో ముంచేశాను. అమ్మేమో వినాయకుడి వాహనం రా చంపకు, మందు పెట్టు దాని మానాన అదే పోద్ది అంటది. తమ్ముడు బోనులో పట్టి కాలవ అవతల వదిలేద్దాం అంటాడు. అసలు చంపడం తప్పా? చంపాల్సొస్తే తక్కువ బాధతో ఎలా చంపాలి?

జవాబు: నమస్తే అండి. ఎలుకల మీద మాకు వచ్చే ప్రశ్నలన్నీ "ఏ మందు పెట్టాలి, ఎంత కలపాలి" అనే ఉంటాయి, దానికి ఎంత బాధ అని అడిగేవాళ్లు చాలా తక్కువ, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

అమ్మగారి మాటతో మొదలెడతా. "మందు పెట్టు, దాని మానాన అదే పోద్ది" అన్నారు కదా, మనలో చాలామంది ఇలాగే అనుకుంటాం. కళ్ల ముందు చావదు, అరుపు వినపడదు, కాబట్టి మనం చంపినట్టు కాదు అని. కానీ లోపల జరిగేది వేరే. షాపుల్లో దొరికే బ్రోమాడయోలోన్ ఎర ఏం చేస్తుందంటే రక్తం గడ్డకట్టే గుణాన్ని పోగొడుతుంది, శరీరానికి విటమిన్ కె పనికిరాకుండా చేస్తుంది అన్నమాట. తిన్న రోజు ఏమీ తెలీదు, ఆ తర్వాత కీళ్లలో, ఊపిరితిత్తుల్లో, పేగుల్లో రక్తం కారడం మొదలవుతుంది, నీరసపడి కలుగులో పడుకుని చావడానికి మూడు నుంచి ఏడు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. జింక్ ఫాస్ఫైడ్ అయితే కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ గ్యాస్ పుడుతుంది, గంటల్లో పోతుంది గానీ ఆ గంటలు చాలా ఘోరం. అంటే మీ ఇంట్లో ఆ రాత్రి జరిగిన దానికంటే ఇది సుఖమైన చావేం కాదు, కాకపోతే గోడ అవతల జరుగుతుంది, అంతే.

ఇక్కడ మీరు నన్ను నిలదీయొచ్చు, మరి పొలంలో అదే బ్రోమాడయోలోన్ పెట్టమని మీరే కదా చెప్తారు అని. నిజమే, చెప్తాం. నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, 0.25 శాతం మందు పొడి 2 పాళ్లు కలిపి, సాయంత్రం కలుగులన్నీ మూసేసి, పొద్దున్నే తెరుచుకున్న కలుగుల్లో మాత్రమే పొట్లాలు పెట్టమని, అదీ ఊరంతా ఒకేసారి, పైరు చిన్నగా ఉన్నప్పుడే చేయమని చెప్తాం. వందల ఎకరాల్లో ఇంకో దారి లేక చెప్పేది అది, దయగల పద్ధతి అని ఎప్పుడూ చెప్పలేదు. ఇంట్లో మీకు వేరే దారి ఉంది. దారి ఉండి కూడా మందు పెట్టడం నాకైతే సరిగా అనిపించదు. పైగా మీకు పిల్లి ఉంది, కోళ్లున్నాయి, మందు తిని మగతగా తిరిగే ఎలుకని పిల్లి తింటే ఆ మందు దాని ఒంట్లోకీ వెళ్తుంది, గుడ్లగూబలకీ ఇదే గతి.

ఇక జిగురు అట్ట. ఇంత చెత్త పద్ధతి ఇంకోటి లేదు. అది చంపదు, పట్టుకుంటుంది అంతే. ఎలుక కాళ్లు లాక్కుంటూ బొచ్చు ఊడి, చర్మం చిట్లి, ఒక్కోసారి తన కాలు తనే కొరుక్కుని, ముక్కు జిగురులో కూరుకుపోతే ఊపిరాడక, లేకపోతే దాహంతో ఒకటి రెండు రోజులకి పోతుంది. ఎలుకకి నొప్పి తెలుస్తుందా అని అనుమానం అక్కర్లేదు, కళ్లు చిన్నవి చేయడం, చెవులు, మీసాలు, ముక్కు పెట్టే తీరు చూసి నొప్పి ఎంతుందో లెక్కగట్టే స్కేలు చిట్టెలుకలకి 2010లో, ఎలుకలకి 2011లో తయారైంది, పరిశోధనశాలల్లో వాడుతున్నారు. జిగురు అట్టలు వాడొద్దని జంతు సంక్షేమ బోర్డు 2011లోనే రాష్ట్రాలకి రాసింది. ఇంగ్లాండులో 2024 జూలై 31 నుంచి మామూలు జనం వీటిని వాడటమే నేరం. మన దగ్గర మాత్రం కిరాణా కొట్టులో సబ్బు పక్కనే దొరుకుతాయి. ఇంకోటి, దానికి ఎలుకే అతుక్కోవాలని రూలేం లేదు కదా, బల్లి, ఉడత, పిచ్చుక, తొండ, కోడిపిల్ల, ఏదైనా అతుక్కుంటుంది. ఎప్పుడైనా అలా వేరే ప్రాణి ఇరుక్కుంటే గట్టిగా లాగొద్దు, అతుక్కున్న చోట మంచినూనె రాస్తూ వేలితో మెల్లగా విడదీస్తే ఊడొస్తుంది, తర్వాత మెత్తని గుడ్డతో తుడిచి కాసేపు చీకటిగా ఉండే డబ్బాలో పెట్టి వదలండి.

బకెట్లో ముంచడం మీరు జాలితోనే చేశారు, అది అర్థమైంది. కానీ ఎలుక మంచి ఈతగత్తె, ఊపిరి బిగబట్టగలదు, నీళ్లలో దాని చావు మనం అనుకున్నంత తొందరగా రాదు, ఆఖరు దాకా తెలివితోనే గింజుకుంటుంది. పశువైద్యులు నీళ్లలో ముంచడాన్ని దయతో చంపే పద్ధతుల్లో అసలు లెక్కలోకే తీసుకోరు. వేడినీళ్లు పోయడం, కిరోసిన్ పోసి అంటించడం, ఫ్రిజ్‌లో పెట్టడం ఇవి కూడా అంతే. యూట్యూబులో మైదాలో సిమెంటు కలిపి పెట్టమని చెప్పే వీడియోలు తెగ తిరుగుతున్నాయి, దయచేసి వాటి జోలికి పోకండి, చావు గ్యారంటీ లేదు, నరకం గ్యారంటీ.

మీ తమ్ముడి ఐడియా వినడానికి బాగానే ఉంటుంది. కానీ కొత్త చోట వదిలిన ఎలుకకి కలుగు లేదు, తిండి ఎక్కడుందో తెలీదు, అక్కడి ఎలుకలు రానివ్వవు, కుక్కో కాకో పట్టేస్తుంది, చాలావరకు కొద్ది రోజుల్లోనే పోతాయి. బతికినవి కాలవ అవతలి రైతు గడ్డివాములో చేరతాయి. దగ్గర్లో వదిలితే మళ్లీ మీ ఇంటికే. మన కంటికి కనపడకుండా చేయడం తప్ప దానికి చేసిన మేలు ఏమీ లేదు.

అసలు చంపడం తప్పా అని అడిగారు. పాపం పుణ్యం సంగతి నేను చెప్పేవాణ్ని కాదు, అది మీ ఇంటి నమ్మకం. నాకు తెలిసింది చెప్తా. ఎలుకలు తిండి పాడు చేస్తాయి, వైర్లు కొరికితే ఇల్లు అంటుకుంటుంది, వాటి మూత్రం కలిసిన బురదలో కాలి పుండుతో నడిస్తే లెప్టోస్పైరోసిస్ జ్వరం వస్తుంది, గోదావరి జిల్లాల్లో వరి రైతుకి ఇది ఊహ కాదు. కాబట్టి ఇంట్లోంచి వాటిని తీసేయడానికి మీకు సరైన కారణం ఉంది. కానీ కారణం ఉంది కదా అని ఎలాగైనా చంపొచ్చు అని కాదు, ఇంకో ముఖ్యమైన మాట, కారణం ఉంది కదా అని ప్రతి ఏడాదీ చంపుతూనే ఉండటం కూడా కాదు. కన్నాలు, తిండి అలాగే వదిలేసి ఏడాదికి యాభై ఎలుకల్ని చంపే ఇల్లు కంటే ఒకసారి పదింటిని చంపి కన్నాలు మూసేసిన ఇల్లు నయం. అమ్మగారు చంపొద్దు అన్న మాటలో నాకు ఈ మేరకు న్యాయం కనిపిస్తుంది. చంపాల్సిన అవసరం రాకుండా చూసుకోవడం మన చేతిలో పనే కదా.

సరే, చంపాల్సిందే అనుకున్నప్పుడు ఇంటికి నేను చెప్పేది స్ప్రింగ్ ఉచ్చు, చెక్క మీద ఇనప కడ్డీ టపీమని పడేది. మెడ మీదో తల మీదో సరిగ్గా పడితే క్షణాల్లో తెలివి పోతుంది. అందుకని గట్టి స్ప్రింగ్ ఉన్నది, పెద్ద ఎలుక సైజుది కొనండి, చిట్టెలుకలవి చిన్నవి వేరే ఉంటాయి, చిన్న ఉచ్చులో పెద్ద ఎలుక పడితే నడుం మీద పడి బాధపడుతుంది. ఒకటి రెండు సరిపోవు, ఒకేసారి పది పన్నెండు పెట్టాలి, ఎందుకంటే ఎలుకకి కొత్త వస్తువంటే భయం, ఒకదానికి దెబ్బ తగిలి తప్పించుకుంటే ఇక అది ఉచ్చు దగ్గరకి రాదు. మొదటి మూడు రాత్రులు స్ప్రింగ్ ఎక్కించకుండా ఊరికే ఎర పెట్టి తిననివ్వండి, కాల్చిన కొబ్బరి ముక్క, ఎండుచేప ముక్క, పకోడీ ఏదైనా సరే, అలవాటయ్యాక నాలుగో రాత్రి అన్నీ ఒకేసారి ఎక్కించండి. ఉచ్చుని గోడకి అడ్డంగా, ఎర ఉన్న వైపు గోడకి ఆనేలా పెట్టాలి, ఎలుక గోడ వారగా నడుస్తుంది కాబట్టి తల సరిగ్గా అక్కడికే వస్తుంది. ఎరని దారంతో కట్టేయండి, ఊరికే పెడితే లాక్కుపోతుంది. కోడిపిల్లలు, పిల్లి, చంటిపిల్లలు తిరిగే చోట రెండు చివర్లా కన్నం ఉన్న చెక్క పెట్టెలో గానీ పైపు ముక్కలో గానీ పెట్టండి. రాత్రి పడుకునే ముందు ఒకసారి, తెల్లారగానే ఒకసారి చూడాలి. చూడటం కుదరని రోజు ఎక్కించొద్దు.

అప్పుడప్పుడు కాలు మీదో నడుం మీదో పడి బతికే ఉంటుంది, దానికి ముందే సిద్ధంగా ఉండండి, అప్పుడు కంగారుపడి బకెట్ కోసం పరిగెత్తొద్దు. మందపాటి గ్లౌజులు వేసుకుని ఉచ్చుతో సహా గోనెసంచిలో వేసి, ఎలుక తల ఎక్కడుందో సంచి పైనుంచి చూసుకుని, గట్టి నేల మీద పెట్టి బరువైన కర్రతో తల మీద ఒకే ఒక్క గట్టి దెబ్బ. వినడానికి మొరటుగా ఉంటుంది, చేయడానికి ఇంకా కష్టంగా ఉంటుంది, కానీ దానికి ఇదే తక్కువ బాధ. అనుమానంతో మెల్లగా కొట్టే దెబ్బే క్రూరమైంది. తర్వాత ఊపిరి కదలిక చూడండి, గడ్డిపరకతో కనుగుడ్డు తాకితే రెప్ప కొట్టకూడదు, అయిదు నిమిషాలాగి మళ్లీ చూసి, లోతుగా గొయ్యి తీసి పూడ్చేయండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. ఈ పని మీ వల్ల కాదనుకుంటే ఇంట్లో చేయగలిగిన మనిషి ఎవరో ముందే అనుకోండి, పిల్లలకి మాత్రం అప్పజెప్పొద్దు. బోనులో పడ్డ ఎలుకకి కూడా ఇదే పద్ధతి, కాబట్టి బోను కొనేముందే ఇది ఆలోచించుకోవాలి. ల్యాబుల్లో కార్బన్ డయాక్సైడ్ వాడతారు, అది సిలిండరు, మీటరు పెట్టి మెల్లగా నింపే వ్యవహారం, ఇంట్లో వంటసోడా వెనిగర్ కలిపి చేసేది కాదు.

అటక మీద, గడ్డి కింద పిల్లలున్న గూడు దొరికితే ముందు అదే చూడండి. తల్లిని పట్టేసి పిల్లల్ని వదిలేస్తే అవి ఆకలితో రోజుల తరబడి చస్తాయి. ఎలుక కడుపుతో అయిన మూడు వారాలకే ఈనుతుంది, ఈతకి ఆరు నుంచి పది పిల్లలు, అందుకే మెల్లిగా రోజుకొకటి పట్టే పని కంటే ఒక్కసారి గట్టిగా చేయడమే అన్ని విధాలా తక్కువ చావు.

ఉచ్చులు నడుస్తుండగానే కన్నాలు మూయడం మొదలెట్టండి. బొటనవేలు పట్టే సందు ఉంటే పిల్ల ఎలుక దూరుతుంది, పెన్సిల్ పట్టే సందు చిట్టెలుకకి చాలు. ఇనప పీచు కుక్కి పైన సిమెంటు పూయండి, తలుపు అడుగున రేకు కొట్టండి. బస్తాలు నేల మీద కాకుండా అడుగున్నర ఎత్తు బల్ల మీద, గోడకి రెండడుగులు ఎడంగా పెట్టండి, వెనక ఏముందో కనపడాలి. దాణా డ్రమ్ముకి మూత, కోళ్ల మేత రాత్రి ఎత్తేయడం, ఇంటి మీదకి వాలిన కొబ్బరి మట్టలు కొట్టేయడం, చెట్టు మొదలుకి ఆరేడు అడుగుల ఎత్తులో నున్నటి రేకు పట్టీ చుట్టడం. ప్లగ్గులో పెట్టే కుయ్ కుయ్ మిషన్ల మీద డబ్బులు తగలేయకండి, నాలుగు రోజులకి ఎలుకలు అలవాటుపడిపోతాయి.

ఒక హెచ్చరిక, ఇదంతా ఎలుకలకీ పందికొక్కులకీ మాత్రమే. చావిట్లోకి జెర్రిపోతు వస్తే అది మీ ఎలుకల కోసమే వచ్చింది, దాన్నీ, ముంగిసనీ, ఉడుమునీ, గుడ్లగూబనీ చంపితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు. ఎలుకలకి ఆ చట్టంలో రక్షణ లేదు, కానీ ఏ జంతువునైనా హింసించడం 1960 జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరమే, మొదటి తప్పుకి జరిమానా పది నుంచి యాభై రూపాయలు, దశాబ్దాలుగా ఆ అంకె మారలేదు, చదివి నవ్వుకోండి.

చివరిగా, ఇంట్లో పాత మందు పొట్లాలు ఏమున్నా ఈ రోజే వెతికి తీయండి. ముఖ్యంగా టూత్‌పేస్టులా ట్యూబులో వచ్చే ఎల్లో ఫాస్ఫరస్ పేస్టు, పిల్లలు నోట్లో పెట్టుకుంటే లివర్ పాడైపోతుంది, విరుగుడు లేదు. ధాన్యంలో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు ఉంటే మనుషులు పడుకునే గదిలో అస్సలు ఉంచకండి. బ్రోమాడయోలోన్ పొరపాటున ఎవరైనా తింటే, బాగానే ఉన్నారు కదా అని ఆగకుండా ప్యాకెట్ తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి, దానికి విటమిన్ కె1 విరుగుడు ఉంది, పిల్లి తిన్నా అదే, పశువుల డాక్టరు దగ్గరికి. కన్నాల ఫొటోలు, పాక గోడ ఫొటోలు తీసి పంపితే ఉచ్చులు ఎక్కడెక్కడ పెట్టాలో గుర్తు పెట్టి తిరిగి పంపుతా.