తాతగారి గాలపు కర్రలు అమ్మే ముందు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. మా తాతగారు ధవళేశ్వరం ఆనకట్ట వద్ద ఉద్యోగం చేసే రోజుల్లో ఒక ఇంగ్లీషు ఇంజనీరు ఇచ్చి వెళ్లిన మూడు గాలపు కర్రలు, గాలపు దారం చుట్టే ఒక ఇత్తడి రీలు మా అటక మీద ఉన్నాయి. ఒక వ్యాపారి అన్నిటికీ కలిపి రూ.12,000 ఇస్తానంటున్నారు. ఇంటర్నెట్‌లో లక్షలు కనిపిస్తున్నాయి. అమ్మాయి చదువుకని కడుతున్న రికరింగ్ డిపాజిట్‌ను ఆపేయవచ్చా?

జవాబు: డిపాజిట్ ఆపవద్దు. మీరు చూసిన లక్షలు అమ్మేవారు అడుగుతున్న ధరలు కావచ్చు. వేలం సైట్లలో నిజంగా అమ్ముడైన ధరలను విడిగా చూసే వీలుంది, లెక్కలోకి తీసుకోవలసింది వాటినే.

పాతదైనంత మాత్రాన ధర రాదు. కర్రను వెలుతురులో తిప్పి చూడండి. ఆరు పలకలుగా ఉండి, అంచుల వెంట సన్నని అతుకు గీతలు కనిపిస్తే అది వెదురు చీలికలను అతికించి చేసినది. గుండ్రంగా, ముదురు రంగులో, బరువుగా ఉంటే గ్రీన్‌హార్ట్ అనే దక్షిణ అమెరికా చేవ కర్ర కావచ్చు. ఫైబర్‌గ్లాస్ అయితే రెండో ప్రపంచ యుద్ధం తరువాతిది, అప్పుడు ఇంజనీరుగారి కథనే మళ్లీ విచారించుకోవాలి. పిడి దగ్గర, ముక్కలు కలిసే లోహపు గొట్టాల మీద పేరు, వరుస సంఖ్య వెతకండి. ఇంగ్లండులోని ఆనిక్ పట్టణంలో 1872లో మొదలైన హార్డీ సంస్థ పేరు గాని, దాని వెదురు కర్రల మీద ఉండే ‘పలకోనా’ ముద్ర గాని కనిపిస్తే, ఆ సంఖ్యను బట్టి కాలం తేల్చవచ్చు.

తరువాత ముక్కలను పక్కపక్కన పరచండి. ఇటువంటి కర్రల్లో ముక్కలన్నీ సాధారణంగా ఒకే పొడవుంటాయి. కొసముక్క నాలుగంగుళాలు తగ్గిందంటే అది ఎప్పుడో విరిగితే కొన మీద దారం వెళ్లే రింగును మళ్లీ కట్టారని అనుమానించాలి, అప్పుడు ధర బాగా పడిపోతుంది. మన డెల్టా తేమకు పాత జిగురు వదిలి చీలికలు విడిపోయాయేమో, పుచ్చు పట్టిందేమో కూడా చూడండి. పండక్కి ఇత్తడి సామాను తోమినట్టు రీలును చింతపండుతో తోమించకండి, ఆ నల్లబడిన రంగు పోతే సేకర్తలు వెనక్కి తగ్గుతారు.

వారసత్వంగా వచ్చినందుకు పన్ను లేదు. సొంత వాడకపు చరాస్తిగా ఉన్న ఇటువంటి వస్తువు అమ్మకంపై మూలధన లాభాల పన్ను సాధారణంగా పడదు. అయితే 100 ఏళ్లు దాటిన వస్తువు 1972 నాటి పురావస్తు చట్టం కిందికి రావచ్చు కనుక, విదేశీ కొనుగోలుదారుకు పంపే ముందు భారత పురావస్తు సర్వేక్షణ శాఖను అడగాలి.

కర్రల కంటే రీలే ఎక్కువ పలకడం తరచూ జరిగేదే. అందువల్ల ఆ వ్యాపారిని రీలుకు ఎంత, ఒక్కో కర్రకు ఎంత అని విడివిడిగా రాసి ఇమ్మనండి. మొత్తంగా తప్ప కొననంటే ముద్రల ఫొటోలు ఇద్దరు ముగ్గురు సేకర్తలకు చూపించేదాకా సరుకు చేయి దాటనివ్వకండి.